తలుపవతలి సగం

అనగనగా అనేంత పాత సంగతో కాదో నాకు తెలియదు గానీ, ఒకానొక రాజ్యంలో ప్రతాపకేసరి అనే రాజు ఉండేవాడు. చెడ్డవాడేం కాదు. పన్నులు మితంగానే వేసేవాడు, కరువొస్తే గాదెలు తెరిపించేవాడు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే, బిరుదుల పిచ్చి.

ఆ పిచ్చి అంతా ఇంతా కాదు. ముసలితనంతో కూలబడ్డ ఏనుగును తోక పట్టి లేపబోయినందుకు 'మత్తగజ మర్దన' అనిపించుకున్నాడు. పట్టాభిషేకం నాడు ముసురు కాస్త తెరిపిచ్చిందని 'ప్రళయవర్ష నివారక' అనిపించుకున్నాడు. ఏనుగు తనంతట తనే లేచిందనీ, వాన మర్నాడు మళ్ళీ పట్టుకుందనీ ఊరందరికీ తెలుసు. తెలిసినా ఎవరంటారు?

ఈ బిరుదులన్నీ చదవడానికి భైరవయ్య అనే వంది ఒకడుండేవాడు. కంచు గొంతు. రాజు కొలువుకు వెళ్ళినా, భోజనానికి వెళ్ళినా, చివరికి స్నానానికి వెళ్ళినా ముందు భైరవయ్య గొంతు వెళ్ళేది, వెనక రాజు వెళ్ళేవాడు. ఆ గొంతు వినగానే ఎక్కడి తలుపులు అక్కడ బార్లా తెరుచుకునేవి. కిరీటం పెట్టుకున్నాక ఆ మహానుభావుడు తన చేత్తో ఒక్క తలుపు తట్టిన పాపాన పోలేదు.

ఇలా ఉండగా ఆ కొలువుకు అద్వయ భట్టు అనే వేదాంతి వచ్చాడు. గొప్ప పండితుడు, ఒప్పుకోవాల్సిందే. కాకపోతే ఆ గొప్పతనం ఎదుటివాళ్ళు తలవంచినప్పుడే ఆయనకు రుచించేది. ఓడిన సభ తన బిరుదులన్నీ గెలిచిన పండితుడికి అప్పగించడం ఆ కాలపు ఆచారం. భట్టుగారి పల్లకీ ముందు అలా గెలుచుకున్న బిరుదులు చదివే వందులు ఒక చిన్న సైన్యమంత ఉండేవారు.

"నా ప్రశ్న చిన్నది," అన్నాడు భట్టు సభ మధ్య నిలబడి. "నీవెవరు? అంతే. నియమం కూడా ఒక్కటే. పరులు నీకిచ్చినదేదీ చెప్పకూడదు."

సేనాపతి మీసం దువ్వుకుంటూ లేచాడు. "నేను ఈ రాజ్యపు సేనాపతిని."

"ఆ పదవి రాజుగారిచ్చింది. రేపు ఊడబెరికితే నీవు లేకుండా పోతావా?"

మంత్రి లేచాడు. "నేను సోమనామాత్యుల వారి కుమారుణ్ణి."

"నేనడిగింది మిమ్మల్ని. మీ నాన్నగారిని కాదు."

ఆస్థాన పండితుడు గొంతు సవరించుకుని, "నేను ఆత్మను" అన్నాడు గంభీరంగా.

"ఆ సంగతి మీరు కనుక్కున్నారా, మీ గురువుగారు చెప్పారా?"

పాపం, గురువుగారు చెప్పిందే. కండువా సర్దుకుని కూర్చున్నాడు.

ప్రతాపకేసరి ఇక ఉండబట్టలేకపోయాడు. "మేమెవరమో వినండి!" అని భైరవయ్యకు సైగ చేశాడు. భైరవయ్య ఎత్తుకున్నాడు. అతను ముగించేసరికి సభలో సగం మందికి కునుకు పట్టింది.

"ఇవన్నీ తమకెవరిచ్చారు మహారాజా?" అన్నాడు భట్టు.

"మా సభవారు."

"ఇచ్చినవన్నీ తీసేస్తే ఆ సింహాసనం మీద కూర్చున్నది ఎవరు?"

రాజు నోరు తెరిచాడు. లోపల వెతికాడు. ఏదో ఉండాలి కదా, ఇన్నేళ్ళు బతికిన మనిషికి! ఒక్క మాటా దొరకలేదు. ఆయనకు కోపం రాలేదు, భయమేసింది. నిండు సభలో అంత భయం ఆయనకు ఎన్నడూ వేయలేదు.

భట్టు చిన్నగా నవ్వాడు. "రేపు పొద్దుగూకేదాకా గడువు. జవాబు రాకపోతే ఈ భైరవయ్య ఇక నా పల్లకీ ముందు నడుస్తాడు."

బిరుదుల్లేకుండా ఎల్లుండి పొద్దున నిద్రలేవడం ఎలాగో రాజుకు ఊహకందలేదు. దిక్కుతోచక సభంతా కలయజూశాడు. స్తంభం వెనక, ఎప్పుడూ కూర్చునే చోటే, మాచన కూర్చుని ఉన్నాడు. కొలువులో చమత్కారి అతనే. కొలువుకు ఆలస్యంగా రావడం, రాజు మీదే ఛలోక్తులు విసరడం, అయినా తల భుజాల మీదే నిలుపుకోవడం అతనికి మాత్రమే తెలిసిన విద్య.

"నవ్వుతున్నావా మాచనా?" అన్నాడు రాజు.

"లేదు ప్రభూ, ఆకలేస్తోంది. జవాబు రేపు మధ్యాహ్నం చెబుతాను. అయితే ఆ జవాబు సభలో పలకదు. మా ఇంటి దాకా తమరూ, భట్టుగారూ దయచేయాలి."

"నీ ఇంటికా? మేమా?"

"భైరవయ్య లేకుండా," అన్నాడు మాచన.

రాజు ముఖం మాడ్చుకున్నాడు గానీ, వేరే దారి లేక సరేనన్నాడు.

మర్నాడు ఎండ మండిపోతోంది. మాచన ఉండే సందు ఇరుకు, పల్లకీ పట్టలేదు. రాజూ, పండితుడూ నడిచే వెళ్ళారు. భైరవయ్య లేకపోవడంతో రాజుకు ఒంటిమీద బట్ట లేనట్టే ఉంది. ఎవరైనా గుర్తుపడతారేమోనని ఒకసారి, గుర్తుపట్టరేమోనని ఒకసారి దిగులుపడుతూ నడిచాడు.

ఇంటి తలుపు లోపల గడియ పెట్టి ఉంది.

"భట్టుగారూ," అన్నాడు మాచన, "నియమం పెట్టింది తమరు. ముందు తమరే దారి చూపాలి. ఆ నియమం తప్పకుండా ఈ తలుపు తీయించండి."

ఇదేమంత పని అన్నట్టు భట్టు తలుపు తట్టాడు.

"ఎవరదీ?" లోపలి నుంచి ఆడగొంతు. మాచన భార్య ముమ్మక్క.

"నేను."

"నేనంటే?"

"నేనే!"

"ఊళ్ళో ప్రతివాడూ నేనేనయ్యా! పేరు చెప్పు."

భట్టు వెనక్కి చూశాడు. పేరు తండ్రి పెట్టింది, చెప్పడానికి లేదు. రాతి అరుగు కాలుతోంది. ఒక కాలు ఎత్తాడు, అది దించి ఇంకోటి ఎత్తాడు. చివరికి తట్టుకోలేక అరిచాడు. "అద్వయ భట్టునమ్మా! విశ్వపతి యోగీంద్రుల శిష్యుణ్ణి! దక్షిణాది సభలన్నీ గెలిచినవాణ్ణి!"

"గెలిస్తే గెలిచావు గానీ, ఇంట్లో మగవాళ్ళు లేరు. మళ్ళీ రా."

ప్రతాపకేసరి పగలబడి నవ్వాడు. నిన్నటి నుంచి గుండెలో ఉన్న రాయి కాస్త కదిలినట్టయింది. అప్పుడు మాచన ముందుకొచ్చి తలుపు మీద రెండు వేళ్ళతో తట్టాడు.

"ఎవరదీ?"

"నేనే."

గడియ చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. "ఇప్పుడా రావడం? అన్నం చల్లారి రాయైపోయింది. ఇందాక ఎవరో వచ్చి సభలు గెలిచానని ఒకటే గోల..." అంటూ వచ్చిన ముమ్మక్క, ఎదురుగా రాజును చూసి నాలుక్కరుచుకుని, కొంగు తలమీదికి లాక్కుని లోపలికి పరుగెత్తింది.

"ఇదే నా జవాబు," అన్నాడు మాచన. "పేరు చెప్పలేదు, పదవి చెప్పలేదు, గురువుగారి మాట అప్పు తెచ్చుకోలేదు. ఒక్క మాటన్నాను. నేనెవరో తేలిపోయింది."

"తేల్చింది నీవు కాదు, నీ భార్య!" అన్నాడు భట్టు. "ఆమె గుర్తుపట్టింది. అదీ పరులిచ్చినదే!"

"ఇచ్చింది కాదు స్వామీ, ఇద్దరం కలిసి చేసుకున్నది. ఇన్నేళ్ళు ఇదే గుమ్మంలోకి వచ్చాను, తిట్లు తిన్నాను, జ్వరాలు పడ్డాను, నవ్వించాను, ఏడిపించాను. 'నేను' అనేదాంట్లో సగం నా నోట్లో ఉంది. మిగతా సగం తలుపవతల ఉంది. ఒట్టి నోట్లోదే చాలనుకుంటే ఏమవుతుందో తమరి అరికాళ్ళకు తెలుసు. ఒట్టి తలుపవతలిదే చాలనుకుంటే..." అని మాచన ఆగి, రాజు వైపు చూడకుండా, "భైరవయ్య లేని రోజున నోట మాట రాదు" అన్నాడు.

ఆ మాట రాజుకు సూటిగా తగిలింది. భట్టు చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. మొండివాడే గానీ మోసగాడు కాదు. "మాట బాగుంది," అన్నాడు. "కానీ పందెంలో ఉన్నవి నీ బిరుదులు కావు, రాజుగారివి. రాజుగారిని కూడా ఒక తలుపు తీయించమను. తీయిస్తే నేను ఓడినట్టే."

"అదెంత!" అన్నాడు ప్రతాపకేసరి. "పదండి!"

కోటలోకి రాగానే తిన్నగా మహారాణి మందిరానికి నడిచాడు. మిగతా ఇద్దరూ నడవా చివర నిలబడ్డారు. రాజు తలుపు తట్టాడు.

"ఎవరదీ?" అంది రాణి.

"మేము."

"మీరెంతమంది?"

నడవా చివర మాచన దగ్గు ఆపుకోవడం వినిపించింది. రాజు తలుపుకు ఇంకాస్త దగ్గరగా జరిగాడు. కూడబలుక్కుంటూ, ఎన్నో ఏళ్ళ తరవాత ఆ మాట పలికాడు. "నేను."

"ఎంత ధైర్యం! మహారాజులవారు వస్తే భైరవయ్య గొంతు వినపడదూ? ఎవరక్కడ, వీణ్ణి పట్టుకోండి!"

పరుగున వచ్చిన కావలివాళ్ళు రాజును చూసి బిక్కచచ్చిపోయారు. రాజు వాళ్ళను పొమ్మని చెయ్యి ఊపి, వెనక్కి నడిచాడు. బిరుదులు పోతాయన్న సంగతే ఆ క్షణంలో గుర్తులేదు. తనతో ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి తన గొంతు తెలియదు. తప్పు ఆమెది కాదనీ తెలుసు. ఆమెకు తను వినిపించిందెప్పుడు గనక?

"ఓడిపోయాను మాచనా," అన్నాడు. 'మేము' అనడం మరిచిపోయాడు. "నాకు అవతలి సగం లేదు."

మాచన ముఖంలో వేళాకోళం పోయింది. "ఇంకా పొద్దుగూకలేదు ప్రభూ. కోటలో తమరు వెళ్ళి చాలా కాలమైన తలుపు ఒకటుంది."

అదేదో రాజుకు అడగకుండానే తెలిసింది. పెరటి వైపు పాత మందిరం. అందులో ఆయన తల్లి ఉంటుంది. చూపు మందగించింది. పండక్కీ పబ్బానికీ బిరుదులతో సహా వెళ్ళి, నమస్కారం పెట్టి వచ్చేయడమే గానీ, ఆమె దగ్గర కూర్చుని ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు.

ఆ గుమ్మం ముందుకొచ్చి రాజు ఆగిపోయాడు. ఇక్కడ కూడా ఎవరని అడిగితే ఏం చేయాలి? వెళ్ళిపోదామా అనుకున్నాడు. వెళ్ళలేకపోయాడు. మెల్లిగా తట్టాడు.

"ఎవరూ?"

"నేను," అన్నాడు. గొంతు పెగల్లేదు, గాలే వచ్చింది.

లోపల మంచం కిర్రుమంది.

"కేసరా? నెట్టు నాన్నా, తలుపు. నీ కోసం గడియ పెట్టడం మానేసి చాలా కాలమైంది. ఏంట్రా ఆ గొంతు? చిన్నప్పుడు బెల్లం దొంగిలించి దొరికిపోయినప్పుడు ఇలాగే అనేవాడివి. ఏం పాడుపని చేసొచ్చావు?"

రాజు లోపలికి వెళ్ళాడు.

బయట ఇద్దరూ చాలాసేపు నిలబడాల్సి వచ్చింది. లోపల్నుంచి ముందు ఏడుపు వినిపించింది, తరవాత నవ్వు. భట్టు పై కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. "మా ఊళ్ళో మా అక్క ఉండాలి," అన్నాడు ఎవరితోనూ కాకుండా. "నేను వాదాలకు బయలుదేరి ఎన్నేళ్ళయిందో. నా గొంతు గుర్తుందో లేదో."

"ఆలస్యం చేయకండి స్వామీ," అన్నాడు మాచన.

రాజు బయటికొచ్చాడు. కిరీటం పక్కకు ఒరిగింది, బుగ్గలో బెల్లం ముక్క ఉంది. "భట్టుగారూ! ఆ బిరుదుల్లో తమకేవి నచ్చితే అవి పట్టుకెళ్ళండి. ఆ ఏనుగు బిరుదు తప్పకుండా పట్టుకెళ్ళండి!"

"వద్దు మహారాజా. నాకున్నవే దారి పొడుగునా దింపుకుంటూ పోవాలి," అని దండం పెట్టి, ఆ సాయంత్రమే పల్లకీ వదిలి నడిచి వెళ్ళిపోయాడు భట్టు.

"ఏం కావాలో కోరుకో మాచనా!" అన్నాడు రాజు.

"ఇప్పుడొద్దు ప్రభూ. ఇంకా ఒక తలుపు మిగిలే ఉంది. అది తెరుచుకున్న రోజున తమకు తోచిందివ్వండి."

ఆ మనిషి తెలివి చూడండి! తన ఇంటి గుమ్మంలో పండితుడికి జవాబు చెబుతున్నట్టే చెప్పి, రాజును చెయ్యి పట్టుకుని ఆయన తల్లి గుమ్మం దాకా నడిపించాడు. అడగ్గానే బహుమానం చేతికొచ్చే వేళ, అదీ వద్దన్నాడు. నాకైతే అంత ఓపిక ఉండదు.

ఆ తరవాత రోజూ సాయంత్రం రాజు భైరవయ్యను ఇంటికి పంపించేసి, ఒక్కడే రాణి తలుపు తట్టడం మొదలుపెట్టాడు. మొదట్లో ఆమె గాభరా పడేది. కొన్నాళ్ళకు నవ్వేది. వెళ్ళినవాడు వెళ్ళినట్టే తిరిగి రాకుండా, కూర్చుని, ఆమె చెప్పేది వినేవాడు. వానలు వెలిశాయి, చలి వచ్చింది.

ఒకరోజు కొలువు నిండుగా ఉంది. రాజు ఇంకా రాలేదు. భైరవయ్య ఒంటరిగా, కంగారుగా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. వెనకాల రాజు పిల్లాడిలా పరుగెత్తుకుంటూ, నవ్వుకుంటూ వచ్చాడు. సింహాసనం ఎక్కకుండా తిన్నగా స్తంభం వెనక్కి వెళ్ళి, మెడలోని రత్నాలహారం తీసి మాచన మెడలో వేశాడు.

"మాచనా! నిన్న పొద్దుపోయి వెళ్ళాను. తలుపు తట్టి నేనే అన్నాను. ఎవరని కూడా అడగలేదయ్యా! తలుపు తీసింది, తీసి..."

రాజుకు నవ్వాగలేదు. సభంతా చెవులు రిక్కించింది.

"తీసి, 'ఇప్పుడా రావడం? అన్నం చల్లారిపోయింది!' అని తిట్టింది!"

భైరవయ్య వినయంగా ముందుకొచ్చి, ఈ సంగతి కూడా బిరుదుల్లో కలపమంటారా అని అడిగాడు.

"వద్దు," అన్నాడు ప్రతాపకేసరి, నవ్వుతూనే. "అది మా ఇంటి మాట."