ముత్యాలు తాగిన బెల్లం

అనగనగా ఏటి ఒడ్డు పొడవునా చెరకు తోటలున్న ఒక సీమ. ఆ సీమలో బెల్లం వండడంలో పైడయ్యను మించినవాడు లేడు. పెనంలో రసం మరుగుతుంటే నురగ రంగు చూసి మంట పెంచాలో తగ్గించాలో చెప్పేవాడు. గానుగ దగ్గర రసం కుండ దిగితే చాలు, అందులోంచి ఎంత బెల్లం దిగుతుందో వండకముందే చెప్పేసేవాడు. ఆ మాట ఏనాడూ తప్పింది లేదు. రాజుగారి వంటశాలకు సైతం అతని బెల్లమే వెళ్ళేది.

అలాంటి పైడయ్యకు లేక లేక ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు ముత్యాలు. ఇక చూడండి ఆ ఇంట్లో గారాబం! తండ్రి నెత్తిన పెట్టుకున్నాడు. తల్లి నూకాలు కాలు కింద పెట్టనివ్వలేదు. నాయనమ్మ బంగారమ్మ అయితే, పిల్ల ఒక్కసారి తుమ్మితే ఊరంతా తెలిసేలా హడావిడి చేసేది.

ముత్యాలుకు పరుగంటే ప్రాణం. చేల గట్ల మీద లేగదూడలతో పోటీపడి పరిగెత్తేది. ఆ నవ్వు గానుగ దాకా వినిపిస్తుంటే పైడయ్యకు పొయ్యి వేడి కూడా తెలిసేది కాదు.

పిల్లకు ఆరేళ్ళు వచ్చేసరికి ఆ పరుగు ఆగిపోయింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఒళ్ళేమో బరువెక్కింది, ముఖమేమో వాడిపోయింది. ముందు పళ్ళు నల్లబడి అరిగిపోయాయి. అన్నం ముద్ద నోటి దగ్గరికి తెస్తే తల తిప్పుకునేది. ఒకనాడు తోటి పిల్లలంతా దూడల వెంట పరిగెడుతుంటే, ముత్యాలు గట్టు మీద చతికిలబడి చూస్తూ ఉండిపోయింది. పైడయ్యకు గుండె తరుక్కుపోయింది. నా పిల్ల మళ్ళీ పరిగెడితే చాలు, నాకింకేమీ వద్దు అనుకున్నాడు.

మొదట దిష్టి తీసే ఆవిడను పిలిపించారు. ఆవిడ ఉప్పూ మిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఆ ఘాటుకు పిల్ల ఉక్కిరిబిక్కిరై దగ్గింది. "అయ్యో, నా తల్లి గొంతు మండిపోయింది!" అంటూ బంగారమ్మ లోటాడు చెరకు రసం తాగించింది. దిష్టి పోయిందో లేదో గానీ ఆయాసం పోలేదు.

తర్వాత మూలికలమ్మే వర్తకుడొకడు వచ్చి కషాయం ఇచ్చాడు. అది పరమ చేదు. పిల్ల ఏడుస్తుంటే చూడలేక, కషాయం చెంచాడు పోసినప్పుడల్లా నూకాలు వెనకాలే లోటాడు రసం పోసింది. వైద్యం బాగానే సాగింది. పిల్ల మాత్రం బాగుపడలేదు.

ముచ్చటగా మూడోసారి పొరుగూరి వైద్యురాలు సూరమ్మ వచ్చింది. ఆమెను ఎవరూ పిలవలేదు. మందుల్లో కలిపే బెల్లం కోసం పైడయ్య దగ్గరికి వచ్చి, అరుగు మీద కూర్చున్న ముత్యాలును చూసి ఆగిపోయింది. పిల్ల పళ్ళు చూసింది, నాలుక చూసింది, నాడి పట్టుకుంది.

"పిల్ల ఏం తాగుతుంది?" అని అడిగింది.

"ఏమీ తినదమ్మా, ముద్ద దిగదు," అంది నూకాలు.

"తిండి సంగతి తర్వాత తల్లీ. నేనడిగింది తాగేదాని గురించి."

ముగ్గురూ ముఖాలు చూసుకున్నారు. ఇదేం ప్రశ్న అనిపించింది పైడయ్యకు. చెరకు సీమలో పిల్లలు ఏం తాగుతారు?

"దాహమేస్తే రసం. ఒంటికి చలవ కదా! పొద్దున్నే ఒక్క లోటా ఇస్తాను," అంది నూకాలు.

"గానుగ దగ్గరికొస్తే నేనూ పోస్తాను. ఒక్కటే," అన్నాడు పైడయ్య.

బంగారమ్మ మనవరాలిని దగ్గరికి లాక్కుంది. "పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే చూస్తా ఊరుకోమంటావేటి? నానూ ఒక్క లోటాయే ఇస్తాను."

ఆ ఇంట్లో ఎవరిచ్చినా ఒక్కటే ఇస్తారట!

సూరమ్మ నవ్వలేదు, కోప్పడలేదు. ఒక చిన్న ఖాళీ కుండ తెప్పించి వసారాలో పెట్టింది. "రేపొక్క రోజు ఎప్పటిలాగే ఇవ్వండి. పిల్లకు ఎవరు ఎంత రసం పోస్తే, ఈ కుండలోనూ అంత పోయండి."

"రసం సాయంత్రానికి పులిసిపోతుందమ్మా," అన్నాడు పైడయ్య. బెల్లం పనివాడు కదా, ఆ మాట ముందొచ్చింది.

"అయితే నీళ్ళు పోయండి. నాకు కావలసింది కొలతే. రేపు సాయంత్రం వస్తాను," అని చెప్పి వెళ్ళిపోయింది.

మర్నాడు పిల్లకు ఒక లోటా, కుండకు ఒక లోటా. మధ్యాహ్నం తన వంతు పోయడానికి వచ్చిన పైడయ్య కుండలోకి తొంగిచూసి, ఇన్ని నీళ్ళు ఎవరు పోశారబ్బా అనుకున్నాడు. పిల్ల అలిగితే ఒకటి, అలక తీరితే ఇంకొకటి, చుట్టం వస్తే చుట్టంతో పాటు మరొకటి. పొద్దు వాలేసరికి కుండ మెడ దాకా నిండింది. ముగ్గురిలో ఎవరూ దొంగతనంగా ఇవ్వలేదు. ఒకరినొకరు అడగలేదు, అంతే.

అన్న మాట ప్రకారం సూరమ్మ వచ్చింది. కుండను చూసింది. "పైడయ్యా, ఇంత రసం వండితే ఎంత బెల్లం దిగుతుంది?"

ఊరందరికీ తడుముకోకుండా చెప్పే పైడయ్యకు ఆ వేళ నోరు పెగల్లేదు. జవాబు తెలియక కాదు. తెలిసే.

"నోటితో చెప్పొద్దులే నాయనా. వండి చూపించు."

పైడయ్య ఆ నీళ్ళ కొలతకు సరిగ్గా తాజా రసం పట్టి, చిన్న పెనంలో పోసి పొయ్యి మీద పెట్టాడు. నురగ తీశాడు. పాకం ముదిరాక అచ్చులో పోశాడు. చల్లారేసరికి కొబ్బరి చిప్పంత దిమ్మ తయారైంది. బంగారు రంగులో మిలమిలా మెరుస్తోంది. మరో రోజైతే దాన్ని నలుగురికీ చూపించి మురిసిపోయేవాడు.

సూరమ్మ ఆ దిమ్మను నూకాలు ఒళ్ళో పెట్టింది. "ఇదిగో, పిల్లకు తినిపించమ్మా."

"ఇంత బెల్లమా! ఇంత తింటే పిల్ల ఏమైపోతుంది?" అని కేక పెట్టింది నూకాలు. ఆ వెంటనే చేత్తో నోరు మూసుకుంది.

"రోజూ తింటూనే ఉంది కదమ్మా," అంది సూరమ్మ మెల్లగా. "కొరికి తింటుంటే మీరే చెయ్యి పట్టుకుని ఆపేవాళ్ళు. తాగుతోంది కాబట్టి మీ కంటికి ఆనలేదు. పళ్ళు పుచ్చింది దీనితోనే. అన్నానికి కడుపులో చోటు లేనిదీ, ఒంటికి బరువే తప్ప బలం రానిదీ దీనివల్లే."

పైడయ్య ఆ దిమ్మను చేతిలోకి తీసుకున్నాడు. "ఊళ్ళో ప్రతి కుండలో ఎంత బెల్లముందో చెప్పేవాణ్ణి. నా బిడ్డ లోటాలో ఉన్నది చూడలేకపోయానమ్మా!"

"బెల్లం చెడ్డది కాదు నాయనా. పండక్కి ఇంత ముక్క పెట్టు, తింటుంది. దాహానికి మాత్రం రసం పోయకు. దాహానికి నీళ్ళున్నాయి. ఇవి పాల పళ్ళు, ఊడిపోతాయి. వచ్చే పళ్ళనైనా కాపాడుకోండి."

చెప్పడం తేలిక. రసం మాన్పించిన రోజు ముత్యాలు లోటా విసిరికొట్టింది. ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. బంగారమ్మ మనసు కరిగి, చెయ్యి రసం కుండ మీదికి పోయింది. పైడయ్య ఆ చెయ్యి పట్టుకున్నాడు. "వద్దమ్మా. దాన్ని ఏడిపించడం నాకూ ఇష్టం లేదు. కానీ ఈ ఏడుపు రేపటికి తగ్గుతుంది. నువ్వు పోస్తే వచ్చే ఏడుపు తగ్గేది కాదు." ఆ మాటతో ముసలమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

పైడయ్య తానూ రసం మానేశాడు. పిల్ల పక్కనే కూర్చుని కుండలో చల్లటి నీళ్ళు ముంచుకుని తాగాడు. దాహం ముందు పంతం ఎంతసేపు నిలుస్తుంది? ముత్యాలు నీళ్ళు తాగింది. తర్వాత మజ్జిగ అలవాటైంది. ఆపైన ఆకలి తిరిగొచ్చింది. ఒక పొద్దున రాగిపిండితో కాచిన చోడి అంబలి తాగి "ఇంకొంచెం పెట్టవే అమ్మా" అని గిన్నె చాపితే, నూకాలు ఆనందంతో ఏడ్చేసింది.

వానలు వెలిశాక ఒక రోజు పైడయ్య పెనం దగ్గర ఉండగా గట్టు మీద నుంచి నవ్వు వినిపించింది. తలెత్తి చూశాడు. ముందు లేగదూడ, వెనక ముత్యాలు! చూస్తూ అలాగే నిలబడిపోయాడు. పెనంలో పాకం మాడిపోయింది. అతని చేతిలో మాడిన పాకం అదొక్కటే. దానికి అతను రవ్వంత కూడా బాధపడలేదు.

గానుగకు వచ్చిన పిల్లలకు లోటాడు రసం ఇవ్వడం ఆ సీమలో మర్యాద. పైడయ్య ఆ మర్యాద తప్పలేదు. కాకపోతే ఆనాటి నుంచి ప్రతి లోటా పక్కన ఆకులో ఒక బెల్లం ముక్క పెట్టేవాడు. "ఈ లోటాలో ఇంత బెల్లముంది. పిల్లకు ఇస్తారో మానుతారో మీ ఇష్టం," అనేవాడు పెద్దవాళ్ళతో. కొందరు నవ్వారు. కొందరికి కోపమొచ్చింది. చాలామంది మాత్రం ఆ ముక్కను చూసి, పిల్లను చూసి, లోటాను పక్కకు జరిపి మంచినీళ్ళు అడిగారు.

తియ్యగా ఉందా లేదా అన్నది పిల్లలు చూసుకుంటారు. ఆ తీపిలో ఎంత బెల్లముందో చూసుకోవలసింది కన్నవాళ్ళే.