పీట మీద కండువా

కనకవల్లిని ఏలే అనంతభూపాలుడికి నలభయ్యో ఏడు రాగానే ఒక పిచ్చి సరదా పుట్టింది. కొత్తగా కట్టించిన విద్యాపీఠంలో సరిగ్గా నలభై పనసచెక్క పీటలు వేయించాడు. అక్కడ నలభై మందే చదవాలి. నలభై ఒకటో పీట చెక్కిన వడ్రంగిని పొలిమేర దాటించేస్తానన్నాడు.

రాజుకు తాంబూలం అందించే చెన్నప్పకు ఆ పీఠంలో చదవాలని ప్రాణం. గ్రహణం ఏ ఘడియకు పడుతుందో లెక్కగట్టే విద్య అక్కడ తప్ప ఎక్కడా నేర్పరు మరి. పరీక్షకు నిలబడ్డాడు, నెగ్గాడు. కానీ పీఠం పెద్ద పురుషోత్తమ దీక్షితులు అతని పేరును ఆ నలభైలో కాకుండా, వేచి ఉండేవాళ్ళ పట్టీలో మొదట రాశారు.

"పీట ఖాళీ అయితే కబురు పెడతానులే," అన్నారు.

చెన్నప్ప వేచి ఉన్నాడు. ఎలాగంటే, రోజూ పొద్దున్నే పీఠం వాకిట్లో నిలబడి లోపలికి వెళ్ళేవాళ్ళ ఆరోగ్యం విచారించేవాడు. ఎవరైనా తుమ్మితే మొహం వెలిగిపోయేది. అంతలోనే సిగ్గుపడి శొంఠి కషాయం తెచ్చి తాగించేవాడు. ఆ దెబ్బకు అందరూ దుక్కల్లా తయారయ్యారు. మూడు నెలలు గడిచాయి.

"పక్క ఊరి పాఠశాల వాళ్ళు పౌర్ణమిలోగా చేరమన్నారు. ఎల్లుండే పౌర్ణమి. అక్కడికి పోరాదటయ్యా?" అంది భార్య గౌరసాని.

"అక్కడ ఛందస్సు చెబుతారే. నాకు చంద్రుడు కావాలి."

ఆ రోజే పీఠం కిటికీలోంచి తొంగి చూస్తే ఏడో పీట మీద మనిషి లేడు, మడతపెట్టిన కండువా ఉంది. ఆరా తీస్తే మూడు నెలలుగా అక్కడ చదువుతున్నది ఆ కండువాయేనట. చెన్నప్ప పరుగున దీక్షితుల దగ్గరికి వెళ్ళాడు.

"ఖాళీ ఏమిటయ్యా? అది మా మేనల్లుడి పీట," అన్నారాయన. "వాడు అత్తారింట్లో ఉన్నాడు, అయితేనేం? కండువా వేసి వెళ్ళాడు కదా. కండువా ఉంటే మనిషి ఉన్నట్టే. ఇది మా పీఠం ఆనవాయితీ."

చెన్నప్పకు ఒళ్ళు మండింది. ఇంటికి వెళ్తుంటే దారిలో నవ్వొచ్చింది. అతనికి నవ్వొచ్చిందంటే ఉపాయం తట్టిందన్నమాట.

దీక్షితుల వారికి ఒక అలవాటుంది. తను నడిచొస్తుంటే అందరూ చూడాలని సభకు అందరికన్నా చివర వస్తారు. మర్నాడు అలాగే పట్టుబట్టల కుచ్చిళ్ళు సర్దుకుంటూ వచ్చేసరికి, రాజు కుడిపక్కనుండే ఆయన ఆసనం మీద తాంబూలం మరకల కండువా ఒకటి పరచి ఉంది.

"ఎవడిదీ గుడ్డ?"

"నాదేనండి," అన్నాడు చెన్నప్ప, రాజు వెనక పళ్ళెం పట్టుకుని నిలబడి. "అక్కడ నేను కూర్చున్నానండి."

దీక్షితుల మొహం జేవురించింది.

"అక్కడ నిలబడి ఇక్కడ కూర్చున్నావా? బుద్ధుందా నీకు? గుడ్డ కూర్చుంటే మనిషి కూర్చున్నట్టా? మనిషి లేని ఆసనం ఖాళీ ఆసనమే. చంటిపిల్లల్ని అడిగినా చెబుతారు."

"అందులో సందేహం లేదు," అన్నాడు రాజు. "ఏమిట్రా చెన్నా, ఈ ఆగడం?"

చెన్నప్ప పళ్ళెం ఓ చేత్తో పట్టుకునే వెళ్ళి, కండువా తీసి భుజాన వేసుకున్నాడు.

"ప్రభూ, పీఠంలో ఏడో పీట మీద మూడు నెలలుగా ఉన్నది వీరి మేనల్లుడి గుడ్డేనండి. అది ఖాళీ అని వీరే ఇప్పుడు సెలవిచ్చారు. పట్టీలో మొదటి పేరు నాది."

రాజు దీక్షితుల వైపు చూశాడు. దీక్షితులు మళ్ళీ కుచ్చిళ్ళు సర్దుకోసాగారు. రాజుకు నవ్వు ఆగలేదు. సభంతా పొట్టలు పట్టుకుంది. రాజు తన ముత్యాల దండ తీసి చెన్నప్ప మెడలో వేశాడు.

"పో, ఇంకెవడైనా గుడ్డ వేసేలోగా వెళ్ళి కూర్చో."

చెన్నప్ప సంతోషం పట్టలేక, తాంబూలం పళ్ళెం ఎదురుగా ఉన్నవారి చేతుల్లో పెట్టేసి పీఠం వైపు పరుగు తీశాడు. ఎదురుగా ఉన్నది దీక్షితులు. రాజు అలవాటు కొద్దీ ఆయన ముందు చెయ్యి చాచాడు.