కంప్యూటర్‌కు కప్పిన శాలువా

ఆశ్రమంలోని పాత కంప్యూటర్‌కు నత్తి వచ్చింది. చూపులేని తులసికి పాఠాలు పైకి చదివి వినిపించేది అదే. అలాంటిది మాటమాటకూ ఆగుతోంది, మధ్యలో నోరే మూసుకుంటోంది. తెల్లారితే తులసికి డిగ్రీ పరీక్ష.

ఆశ్రమంలో శిష్యుడైన ఓబులేసు గుండెల్లో రాయి పడింది. దానికి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించింది అతనే. ఎక్కించిన రోజు అది చక్కగానే చదివింది. ఇన్నేళ్లూ ఆ పిల్లకు చదువు చెప్పిన యంత్రమని అతనికి కళ్లు చెమర్చాయి. ఆ డబ్బాకు పట్టుశాలువా కప్పి, బంతిపూల దండ వేసి, అప్పటినుంచీ పూటపూటా సాంబ్రాణి పొగ పడుతున్నాడు. ఓబులేసు భక్తి ఎప్పుడూ పొంగి పొర్లేదే.

"స్వామీ, నేనే చెడగొట్టినా. ముసలి యంత్రం మీద కొత్త బరువు మోపినా," అని గురువు ఎర్రిస్వామి దగ్గర వాపోయాడు.

ఎర్రిస్వామి ఒకసారి డబ్బా వైపు చూశాడు.

"సరేప్పా, ఆ పాఠం తులసికి నువ్వు చదివి వినిపీ. ఊరికే వద్దులే, మర్యాద చేస్తా, కూర్చో."

మిట్టమధ్యాహ్నం. ఎండ నిప్పులు చెరుగుతోంది. గురువు ఒక మందపాటి శాలువా తెచ్చి ఓబులేసు తలమీదుగా, కళ్లు మాత్రం వదిలి, ముక్కూ నోరూ మూసేలా చుట్టాడు. మెడలో దండ వేశాడు. ఎదురుగా సాంబ్రాణి వెలిగించాడు.

"ఇంక చదువు."

ఓబులేసు చదవబోయాడు. దగ్గు వచ్చింది. చెమట కళ్లలోకి కారింది. మాట తడబడింది.

"అన్నకు కూడా నత్తి వచ్చిందే!" అని తులసి నవ్వింది.

"స్వామీ, ఊపిరాడ్డం లేదు! ఇది తీసేయండి!"

"తీసేస్తే మర్యాద ఏముంటాదప్పా?"

ఓబులేసు చూపు డబ్బా మీది శాలువాపై పడింది. లేచి వెళ్లి డబ్బా మీద చెయ్యి పెట్టాడు. పెనంలా కాలుతోంది. కంప్యూటర్ ఆపేసి, దాని మీది శాలువా, దండ తీసేశాడు. మూత విప్పి, ఫ్యాను రెక్కలకు పట్టిన సాంబ్రాణి మసినీ పూరేకులనూ మెత్తని బ్రష్‌తో మెల్లగా తుడిచాడు.

వేడి తగ్గాక ఆన్ చేశాడు. కంప్యూటర్ గడగడా చదవసాగింది. తులసి దానికి దగ్గరగా జరిగి, "బతికించినావన్నా!" అంది.

ఓబులేసు కళ్లనిండా నీళ్లతో వచ్చి గురువు కాళ్ల మీద పడ్డాడు. రెండు చేతులతో చుట్టేసి, ఎంతసేపటికీ వదలడే.

"చాలప్పా, లెయ్," అన్నాడు ఎర్రిస్వామి. "నాక్కూడా కాస్త గాలి ఆడనీ."