గడప బయట మహారాజు

ఒకానొక రాజ్యంలో అనే మొదలుపెడతాను. పేరు చెప్పానంటే ఆ ఊరివాళ్లు నా మీదికి దండెత్తి వస్తారు.

ఆ రాజ్యాన్ని ప్రచండవర్మ అనే మహారాజు ఏలేవాడు. మంచివాడే పాపం, గొప్పలే కాస్త ఎక్కువ. పొరుగు రాజు విద్యాపీఠం కంటే తన విద్యాపీఠం ఘనమైనదని అనిపించుకోవాలని ఆయన పట్టుదల. అందుకోసం పీఠం గుమ్మం పక్కన ఓ రాతి శాసనం పాతించాడు. 'పదహారేళ్లు దాటినవారు, చిన్ననాటి గురువు ఇచ్చిన పత్రం లేనివారు ఈ గడప దాటరాదు. ఎవరైనా సరే.' ఆ చివరి మాట రాజుగారి సొంత కవిత్వం.

ఆ ఊళ్లోనే ఓబమ్మ అనే మంత్రసాని ఉండేది. నలభై ఐదేళ్ల మనిషి. ఊళ్లో సగంమంది ఆమె చేతుల మీదుగా భూమ్మీద పడ్డవాళ్లే. బడి మొహం చూడలేదు గానీ, కూడబలుక్కుంటూ అక్షరాలు సొంతంగా నేర్చుకుంది. పీఠంలో వైద్యం చదవాలని ఆమె కోరిక. వైద్య తరగతి మూడేళ్లకోసారి, విజయదశమి నాడు మొదలవుతుంది. పండగ రెండు రోజులుందనగా వెళ్లి అడిగితే, పెద్దాచార్యులు రాతి శాసనం చూపించి తల దించుకున్నారు.

ఓబమ్మ తిన్నగా ఆస్థాన విదూషకుడు మాచన ఇంటికి వెళ్లింది.

"అయ్యా, పోయిన నెల మా వీధి కోనమ్మ పండంటి బిడ్డను కని, మూడో నాడు జ్వరం తగిలి నా చేతుల్లోనే పోయింది. అట్లా పోయినవాళ్లలో అది నాలుగోది. ఆ జ్వరం సంగతి పీఠం గ్రంథాల్లో ఉందట. ఇంకో మూడేళ్లు ఆగమంటే ఎట్లా అయ్యా? ఇంకెంతమంది పోవాలి?" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

నవ్వించడమే మాచన వృత్తి. ఆ పూట మాత్రం అతనికి నవ్వు రాలేదు. "విజయదశమి పొద్దున్నే పీఠం గుమ్మం దగ్గరికి రా ఓబమ్మా. మిగతాది నేను చూసుకుంటాను" అన్నాడు.

మర్నాడు సభలో మాచన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ప్రభూ, మీ శాసనాన్ని కాపలావాళ్లు సరిగ్గా పాటిస్తున్నారో లేదో! పండగ ఒక్కరోజు ఆ గడప కాపలా నాకిప్పించండి. ఎవరైనా సరే, పత్రం లేనిదే పోనివ్వను."

రాజు పొంగిపోయి మీసం దువ్వుకున్నాడు. "అలాగే కానీ! నా మాటంటే నీకొక్కడికే భక్తి."

విజయదశమి నాడు రాజు మేళతాళాలతో పీఠానికి వచ్చాడు. తన మీద తానే రాసుకున్న నూటెనిమిది పద్యాలు అక్కడ చదివి వినిపించాలని ఉత్సాహం. స్వాగతానికి పెద్దాచార్యులు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. మాచన బెత్తం అడ్డం పెట్టాడు.

"ప్రభువులకు వయసెంత?"

"యాభై. ఎందుకూ?"

"చిన్ననాటి గురుపత్రం తెచ్చారా?"

"నీకు మతి పోయిందా మాచనా! పన్నెండేళ్లకే సింహాసనం ఎక్కినవాణ్ణి, నాకు గురువెక్కడ? నేనెవరో ఎరగవూ?"

"ఎరుగుదును ప్రభూ. పాపం, ఈ రాయి ఎరగదు. ఎవరైనా సరే అంటోంది."

జనం నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. లోపలి విద్యార్థులకైతే పద్యాలు వెనక్కి జరుగుతున్నందుకు ప్రాణం లేచొచ్చింది. రాజు మొహం కందగడ్డ అయిపోయింది. సొంత శాసనాన్ని అందరి ముందూ తోసుకుని పోలేడు, ఇంటికి తిరిగి పోనూ లేడు.

"గురువు లేకపోతే చదువు లేనట్టేనా?" అని గర్జించాడు. "కరువులో విత్తనపు గింజలు ఎలా దాచాలో, ఏరు పొంగితే ఊళ్లకు ఊళ్లు ఎలా తరలించాలో నాకెవరు చెప్పారు? ఏళ్ల తరబడి చేసి నేర్చుకున్నాను! అది చదువు కాదా? కావాలంటే ఈ ఆచార్యుల్ని ప్రశ్న వెయ్యమను. జవాబు చెబితే రానివ్వండి, చెప్పలేకపోతే వెళ్లగొట్టండి!"

"ఆచార్యులవారూ, రాసుకున్నారా?" అన్నాడు మాచన.

పెద్దాచార్యుల గంటం అప్పటికే తాటాకు మీద పరుగులు తీసింది. ఆయన పైకి చదివారు. 'ఏళ్ల తరబడి పని చేసి నేర్చుకున్నవారు, వయసు మీరినా, పత్రం లేకపోయినా, ఆచార్యుడి ప్రశ్నకు జవాబు చెప్పి లోపలికి రావచ్చు. ఎవరైనా సరే.'

"భేష్!" అంటూ రాజు లక్క మీద ఉంగరంతో రాజముద్ర గుద్దేశాడు.

మాచన జనంలోకి చూసి, "ఓబమ్మా, ఇట్లా రా తల్లీ" అని పిలిచాడు.

రాజు నోరు వెళ్లబెట్టాడు. "ఇది నాకోసం రాసింది కదయ్యా!"

"ప్రభువుల పేరు అందులో ఎక్కడా లేదే!"

ఆచార్యులు ఓబమ్మ వైపు తిరిగారు. "కడుపులో బిడ్డ అడ్డం తిరిగితే ఏం చేస్తావమ్మా?"

ఓబమ్మ గాలిలో చేతులాడిస్తూ చెప్పింది. ఎక్కడ నిమరాలో, ఎప్పుడు ఆగాలో, తల్లికి ఏ మాట చెప్పి ధైర్యం నింపాలో, అన్నీ చెప్పింది. చివరికి, "ఇదంతా నాకు తెలుసు స్వామీ. మూడో నాడు జ్వరం వచ్చి తల్లి ఎందుకు పోతుందో తెలియదు. అది తెలుసుకోవాలనే వచ్చాను" అంది.

"తనకేం తెలియదో ఇంత బాగా తెలుసుకుని వచ్చిన శిష్యురాలివి నువ్వొక్కదానివే. రా అమ్మా" అన్నారు ఆచార్యులు. ఓబమ్మ గడపకు మొక్కి లోపలికి వెళ్లింది.

"మరి ప్రభువులకు ప్రశ్న?" అన్నాడు మాచన.

ఆచార్యులు ధైర్యం చేశారు. "ఈ నూటెనిమిది పద్యాల్లో, ప్రభువులు ఈ పూటకు మానేయదగ్గవి ఎన్ని?"

రాజు ఓబమ్మ వెళ్లినవైపు చూశాడు. ఆయన మీసాలు కదిలాయి. "నూరు!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. "నా నోటితోనే నా శాసనం కొట్టేయించావు కదరా మాచనా! ఆ రాయిని వెనక్కి తిప్పి పాతండి. కొత్త మాట అటువైపు చెక్కండి" అని, మెడలోని ముత్యాల హారం తీసి మాచన మెడలో వేశాడు. అంతలో ఆయనకో అనుమానం వచ్చింది.

"అవునూ, నన్ను పట్టుకుని పత్రం అడిగావు. నీ గురుపత్రమేదోయ్?"

"నా దగ్గరెక్కడిది ప్రభూ, ఎడ్లు కాసుకున్నవాణ్ణి! అందుకేగా పొద్దుట్నుంచీ గడప బయటే నిలబడ్డాను."

రాజు కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. "నీకు ప్రశ్న అక్కర్లేదు, నన్ను గడప దగ్గర ఆపినప్పుడే జవాబు చెప్పేశావు" అని మాచన చెయ్యి పట్టుకుని తనతోపాటు గడప దాటించాడు.

లోపల ఓబమ్మ చాప మీద కాస్త జరిగి, మాచనకు చోటిచ్చింది.