డంపరు పక్కన మనిషి

ఓదెలుకు కొలతలు దొరకలేదు.

మామూలు బొమ్మయితే ఇంత గొడవ ఉండేది కాదు. చేసిపెట్టమని అడిగింది గట్టయ్య. ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు మోసే డంపరు నడిపి నడిపి రిటైరైన మనిషి. ఆయన చూపు రోజురోజుకూ మసకబారుతోంది. అది పూర్తిగా పోయేలోగా తన బండిని ఒక్కసారి చూసుకోవాలని ఆశ. ఆ బండేమో ఎప్పుడో తుక్కు కింద పోయింది. మిగిలింది ఒక్క ఫొటో.

గని యంత్రాల నమూనాలను చెక్కతో, రేకుతో చేయడం ఓదెలుకు నేర్పింది చాంద్‌పాషా ఉస్తాద్. గురువు చెయ్యి పడకుండా అతను చేయబోతున్న మొదటి బండి ఇదే. అందుకే పట్టుదల కాస్త ఎక్కువైంది. ఉజ్జాయింపుగా చేసేవాళ్లంటే ఈమధ్య చిన్నచూపు కూడా మొదలైంది, అది వేరే సంగతి.

వర్క్‌షాపులో అడిగాడు. తుక్కు కొన్న సేటు చుట్టూ తిరిగాడు. ఇంటర్‌నెట్టంతా జల్లెడ పట్టాడు. దొరికిన కొలతలన్నీ వేరే డంపర్లవి. టైరు మీద సైజు అంకెలేమైనా ఉన్నాయేమోనని ఫొటోను భూతద్దం కింద పెట్టి చూస్తే బురద తప్ప ఏమీ కనబడలేదు. ఒక్క కొలత నిజంగా తెలిస్తే చాలు, దాన్ని పట్టుకుని మిగతావన్నీ ఫొటోలోంచే తీయొచ్చు. ఆ ఒక్కటే చిక్కడం లేదు.

చివరికి ఫొటో తెచ్చి ఉస్తాద్ ముందు పెట్టాడు.

"నాతోని కాదు ఉస్తాద్. కొలతల్లేకుండ చేస్తే ఏదో ఒక డంపరు అయితది గాని ఆయన బండి కాదు. చూపు పోతున్న మనిషికి అబద్ధం చేసియ్యలేను. కాదని చెప్పొస్త."

చాంద్‌పాషా కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. ముందు చక్రం దగ్గర చిన్న కాగితం ముక్క అంటించి ఉంది.

"ఇదేంది?"

"ఆడ గట్టయ్య తాత నిలబడ్డడు ఉస్తాద్. బండి గీసుకుంటుంటే అడ్డమొస్తుండని మూసిన."

ఉస్తాద్ గోటితో మెల్లగా కాగితం లేపాడు. దాని కింద వయసులో ఉన్న గట్టయ్య నవ్వుతున్నాడు. మోచేతి నుంచి వేళ్ల దాకా చెయ్యి నిలువుగా టైరుకు ఆనించి, పెంచిన ఎద్దును పట్టుకున్నట్టు నిలబడ్డాడు.

ఆ మనిషితోనే బండిని కొలవొచ్చని ఓదెలుకు తట్టింది. "కాని ఇప్పుడు ఆయన నడుం వంగిపాయె ఉస్తాద్. ఎత్తు ఎట్ల తెలుస్తది?"

ఉస్తాద్ గూట్లోంచి దారం ఉండ తీసి జేబులో వేసుకున్నాడు. "నడువు" అన్నాడు.

గట్టయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఉస్తాద్ పక్కన చేరి, ఆయన కుడిచెయ్యి తన ఒళ్లో పెట్టుకుని, మోచేతి నుంచి నడిమి వేలి కొస దాకా దారం పరిచాడు.

"ఏందిది పాషా? అంగీ కుట్టిస్తవా?"

"డంపరు కొలుస్తున్న."

గట్టయ్యకు నవ్వొచ్చింది. ఆ తర్వాత, సంగతి అర్థమైందేమో, దారాన్ని తడిమి చూడబోయాడు.

"కదలకు గట్టన్నా. బండి సైజు మారుతది."

ఓదెలు ఆ దారం రెండు చేతులతో అందుకున్నాడు. ఇంటికెళ్లి కంపాస్‌తో ఫొటోలో ఆ చేతిని పట్టాడు, దాంతోనే చక్రాన్ని కొలిచాడు. చక్రంతో బొగ్గు పోసే తొట్టి తెలిసింది, నిచ్చెన తెలిసింది, డ్రైవరు క్యాబిన్ తెలిసింది. ఆ వారమంతా అతని ఇంట్లో రంపం ఆగలేదు. రంగు కూడా ఆరాక, ఒక చిన్న చెక్కముక్క మిగిలితే దాన్ని పారేయకుండా కూర్చుని చెక్కాడు.

ఉస్తాద్‌ను వెంటబెట్టుకెళ్లి ఓదెలు బండిని గట్టయ్య ఒళ్లో పెట్టాడు. ముసలాయన దాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. కనబడని చోట వేళ్లతో తడిమాడు. నిచ్చెన మెట్లు ఒక్కొక్కటీ ఎక్కాయి ఆ వేళ్లు, క్యాబిన్ దాకా వెళ్లి దిగాయి. ముందు చక్రం దగ్గర ఆగాయి.

అక్కడ బియ్యపుగింజంత చెయ్యి టైరుకు ఆనించి ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

"ఈ చెయ్యి నాదేరా!" అన్నాడు గట్టయ్య. కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

చాంద్‌పాషా ఓదెలు వైపు చూసి, మళ్లీ గట్టయ్య వైపు తిరిగాడు.

"బండంతా నీ చెయ్యే గట్టన్నా."