సింగారి వినని పిలుపు

ఏమే హైమా, అక్క పిలుస్తుంటే చెవులు మూసుకుని కూర్చున్నావట! మూతి ముడుచుకున్నది చాలు గానీ, ఇలా వచ్చి కూర్చో. నువ్వూ రావే పెద్దదానా. కథ చెబుతాను.

అనగనగా ఒక అడవిలో ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉండేవారు. ఇద్దరూ ఏనుగులే. అక్క కొండమ్మ, చెల్లెలు సింగారి. సింగారికి ఒక కూతురు. బుడమకాయలా గుండ్రంగా, ముద్దుగా ఉంటుందని దాన్ని బుడమ అని పిలిచేవారు.

ఏనుగులు ఘీంకరించడం మీకు తెలుసు కదా? అది కాకుండా వాటికి ఇంకో గొంతు ఉంది. చాలా లోతైన గొంతు. మన చెవికి అందదు. అది నేలలోంచి కూడా పాకుతూ కొండ అవతలికి పోతుంది. అక్కడి ఏనుగులకి అరికాళ్లలో జుమ్మంటుంది. కానీ నడుస్తుంటే ఆ మాట సరిగ్గా తెలియదు. అందుకే పిలుపు రాగానే మంద మొత్తం ఆగిపోవాలి. నోట్లో మేత కూడా నమలకూడదు. విన్నాక "విన్నాం" అని బదులివ్వాలి. అది వాళ్ల కట్టుబాటు.

ఆ ఎండాకాలం సింగారి కూతురి కోసం ఇప్పపువ్వు కుప్పగా పోసింది. కొండమ్మ చూసుకోకుండా అంతా తినేసింది.

"నా బిడ్డ నోటి దగ్గరిది లాక్కుంటావా?" అని సింగారి అక్క మీదికి వెళ్లింది.

"అడవిలో రాలిన పువ్వు నీ సొత్తా?" అంది కొండమ్మ. తప్పు తనదే అయినా అంత మాట అనేసింది.

అంతే, మంద రెండుగా చీలిపోయింది. కొండమ్మ తనవాళ్లతో ముందుగా మడుగు వైపు వెళ్లిపోయింది. సింగారి తనవాళ్లతో అదే మడుగుకి చుట్టుదారి పట్టింది. "అక్క పిలిస్తే ఎవరూ ఆగొద్దు, బదులివ్వొద్దు. కాళ్లు గట్టిగా వేస్తూ నడవండి!" అని హుకుం వేసింది.

కాసేపటికి మొదటి పిలుపు వచ్చింది. "ఎక్కడున్నారే?" అని. ఎవరూ ఆగలేదు.

ఎండ ముదిరాక రెండోది వచ్చింది. "తప్పు నాదేనే సింగారీ. బుడమ ఏమైనా తిందా?" అని. సింగారి ఇంకా గట్టిగా అడుగులు వేసింది.

మూడోసారి నేల వణికినట్టయింది. బుడమ కాలెత్తి నిలబడింది. "అమ్మా, పెద్దమ్మ ఏదో చెబుతోంది. ఒక్కసారి ఆగుదామే!"

"ఆగావంటే నా మీద ఒట్టే!" అని సింగారి దాన్ని తొండంతో ముందుకు నెట్టింది. పాపం, తల్లి మాట విని అది నడిచింది.

ఆ మూడో పిలుపేమిటో తెలుసా? "మడుగు ఎండిపోయింది. పైన పెచ్చు కట్టింది, కిందంతా ఊబి. పిల్లని రానివ్వకు!"

ఎండకి మెరుస్తున్న మడుగు కనబడగానే దాహంతో ఉన్న బుడమ "నీళ్లమ్మా!" అంటూ పరుగు తీసింది. పెచ్చు విరిగింది. పొట్ట దాకా దిగబడిపోయింది.

సింగారి గొంతు చించుకుని అక్కని పిలిచింది. వెంటనే కాళ్ల కింద బదులు మోగింది. "విన్నాను. వస్తున్నాను." వేరే చోట నీళ్లు వెతుకుతున్న కొండమ్మ ముళ్లకంపలు తొక్కుకుంటూ పరిగెత్తుకొచ్చింది. ఇద్దరూ తొండాలు వేసి లాగారు. మంద అంతా లాగింది. బుడమని పైకి తీయలేకపోయారు. అది అమ్మని చూస్తూనే మునిగిపోయింది.

"ఇక్కడ ఊబి ఉందని ఒక్క మాట చెప్పకూడదా అక్కా!" అని సింగారి ఏడ్చింది.

కొండమ్మ ఒళ్లంతా బురదే. చెల్లెలి వైపు చూడలేక నేల చూస్తూ అంది. "చెప్పానే తల్లీ. పొద్దుటి నుంచీ పిలుస్తూనే ఉన్నాను."

ఇప్పుడు సింగారి ఏ చిన్న అదురుకైనా ఆగిపోతుంది. ఉరుము ఉరిమినా ఆగిపోతుంది. కాలెత్తి వింటూ ఎంతసేపైనా నిలబడుతుంది. బుడమ మాత్రం పిలవదు.

ఏడవకు హైమా. లేచి వెళ్లి అక్క ఎందుకు పిలిచిందో అడుగు.

నీతి: కోపమొస్తే మాట్లాడటం మానేస్తే మానెయ్యి, వినడం మాత్రం మానకు.