గోడ మీది తోటకూర

బుట్టలల్లే సింగమ్మకు ఇల్లు తప్ప జానెడు నేల లేదు. కోట పాత తలుపును విరగ్గొట్టి ఊరవతల పారేస్తే, కొన్ని చెక్కలు తెచ్చి, గోడకు ఒకదానిపైన ఒకటిగా తొట్లు బిగించి, మట్టి పోసి తోటకూర పెంచింది.

అది చూసిన దివాను కొండలరాయుడు ఆమెను రాజు ముందు నిలబెట్టాడు. "కోట టేకు దొంగిలించింది, ప్రభూ."

సింగమ్మ దివానుకే దణ్ణం పెట్టింది. "చెదలు తినేశాయి, పొయ్యిలోకి కూడా పనికిరాదని చెప్పి తమరే కదయ్యా కొత్త తలుపు చేయించారు? అది చెత్తయితే నేను దొంగను కాను. మంచి టేకే అయితే, కొత్త తలుపు ఎందుకో ప్రభువులకు తమరే చెప్పాలి."

కొత్త తలుపు చేసింది దివాను బావమరిది.

రాజు దివాను వైపు చూశాడు. దివాను గొంతు సవరించుకున్నాడు. "చెత్తే, ప్రభూ."

"అయితే మిగిలిన చెత్త కూడా ఈమె ఇంటికి చేర్పించు," అన్నాడు రాజు. "మీ బావమరిదిని మోయమను."